‘బాగానే ఉన్నామండి’ అన్న తర్వాత చేయాల్సిన పనులు

భీమవరం వైపు రొయ్యల చెరువులో వైట్ స్పాట్ అనే తెగులు పడి, రొయ్యలు అమ్మకం సైజుకి రాకముందే రాత్రికి రాత్రి పట్టేసుకున్న రైతును మర్నాడు టీ కొట్టు దగ్గర పలకరించి చూడండి. "ఆయ్, బాగానే ఉన్నామండి" అంటాడు. ఇంకాస్త కదిపితే "రొయ్యలకి మా చెరువు నచ్చలేదండి, వేరే ఊరు ఎల్లిపోయాయి" అని ఓ వెటకారం విసిరి అందర్నీ నవ్విస్తాడు. ఈయనకేం ఫర్వాలేదని మనం అనుకుంటాం. ఆ రాత్రి ఆయన గ్యాస్ బిళ్ళ వేసుకుని తెల్లారేదాకా మంచం మీద దొర్లుతూనే ఉంటాడు.

గోదావరి జిల్లాల వాళ్ళు మాటకారులని పేరు. నిజమే గానీ, మాట్లాడటం వేరు, మనసులోది చెప్పడం వేరు. కొంత మర్యాదతో కప్పేస్తాం, కొంత వెటకారంతో, మిగతాది నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతో. కప్పడమే తప్పని నేను అనను. ‘ఏదున్నా మొహాన చెప్పేస్తాను’ అని గొప్పలు పోయేవాళ్ళ ఇళ్ళల్లో ప్రశాంతత ఎంతుందో మనకు తెలియంది కాదు. ఆపుకోవడానికీ ఓ పద్ధతి ఉంది: ఎంతసేపు ఆపాలి, తర్వాత ఎవరి దగ్గర చెప్పుకోవాలి అన్నది ముందే తేల్చుకుని ఆపాలి. దాని సంగతే ఈ రాసినదంతా.

ముందు ఒంటిని గమనించండి

మన వైపు బాధ చాలాసార్లు మాట రూపంలో బయటికి రాదు, నొప్పి రూపంలో వస్తుంది. గుండె దడ, తల బరువు, మెడ పట్టేయడం, ఆకలి చచ్చిపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం. డాక్టరు దగ్గరికి వెళ్ళి ఇవన్నీ చెబుతాం, కూతురి కాపురం గురించి మాత్రం చెప్పం. ఆయన అడగడు కూడా, బయట ఇంకో నలభై మంది వెయిటింగు.

ఓ వారం పాటు ఇలా చేయండి. ఒంట్లో ఏదైనా తేడా చేసినప్పుడల్లా క్యాలెండర్ మీద, ఆ తేదీ పక్కనే రెండు ముక్కలు రాయండి: ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది. ‘సాయంత్రం, తలనొప్పి, బ్యాంకు నుంచి ఫోన్.’ ‘రాత్రి, దడ, అన్నయ్య గట్టు తగాదా ఎత్తాడు.’ అంతకు మించి విశ్లేషణ అక్కర్లేదు. వారం తర్వాత చూస్తే ఒకే పేరో ఒకే విషయమో మళ్ళీ మళ్ళీ కనబడితే మందుల షాపులో దొరకనిదేదో అక్కడ ఉందన్నమాట.

అయితే ఒక జాగ్రత్త. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికో దవడకో లాగడం, చెమటలు, ఆయాసం వస్తే ‘టెన్షన్‌లే’ అని ఊరుకోవద్దు. ముందు 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయించండి, మనసు సంగతి తర్వాత. దుర్వార్త విన్న వెంటనే అచ్చం గుండెపోటులాగే వచ్చే జబ్బు ఒకటుంది, టాకోట్సుబో అంటారు. 1990లో జపాన్ డాక్టర్లు దాని గురించి మొదట రాశారు. అప్పుడు గుండె ఉబ్బే తీరు అక్కడి జాలర్లు ఆక్టోపస్‌లు పట్టే కుండలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఎక్కువ. సరిగ్గా చూసుకుంటే చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కానీ అది గుండెపోటో ఇదో ఇంట్లో కూర్చుని తేల్చే పని కాదు.

మింగిన కోపమే క్యాన్సర్ అవుతుందని కొందరు చెబుతుంటారు. దానికి గట్టి ఆధారాలు లేవు. అసలే జబ్బుతో ఉన్న మనిషిని ‘నువ్వు లోపల కుమిలిపోబట్టే’ అనడం దుర్మార్గం.

దానికి పేరు పెట్టండి

అన్నిటికీ టెన్షన్ అనేస్తే ఏం చేయాలో తేలదు. కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేయకపోతే వచ్చేది బెంగ. తోడికోడలు కొత్త గొలుసు చూపించినప్పుడు వచ్చేది వేరు, దాని పేరు మీకూ తెలుసు. పదిమందిలో మాట పడితే అవమానం. చేయని తప్పుకి తిట్లు తింటే ఉక్రోషం. బెంగ అయితే ఒక ఫోన్ కాల్‌తో తీరొచ్చు. అవమానం అలా తీరదు, అన్న మనిషితో మాట్లాడాలి. అసూయ అయితే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, మీ మటుకు మీరు ఒప్పుకుంటే సగం చల్లారుతుంది. పేరు పెట్టడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కాన్‌లు తీసి చూస్తే, ఎదురుగా కనిపించే భావానికి మాటలో పేరు చెప్పినప్పుడు, భయానికీ కంగారుకీ స్పందించే అమిగ్డాలా అనే భాగంలో అలజడి తగ్గింది.

ఇప్పుడు ఆపాలా, చెప్పాలా

నోరు తెరిచే ముందు మూడు సంగతులు చూసుకోండి. ఇప్పుడు చెబితే పని జరుగుతుందా? ఎదుటి మనిషి వినే స్థితిలో ఉన్నాడా, అంటే మందులో లేడు కదా, పెళ్ళి పందిట్లో లేడు కదా, ఆకలి మీద లేడు కదా? చెప్పడం వల్ల మీకు ప్రమాదం ఏమీ లేదు కదా? మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ప్రస్తుతానికి ఆపండి.

చెయ్యి చేసుకునే మొగుడి ముందు భార్య నోరు మెదపకపోవడం పిరికితనం కాదు. మాట నేర్పుతో తీరే సమస్య కూడా కాదది. 181 మహిళా హెల్ప్‌లైన్, అప్పటికప్పుడు ప్రాణం మీదికి వస్తే 112. ఆ రెండు నంబర్లూ ఫోన్‌లో ఏదో ఒక మామూలు పేరుతో సేవ్ చేసుకోవాలి.

ఆపినప్పుడు ఒంట్లో ఏమవుతుందో తెలిసి ఉంటే మంచిది. 1993లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొందరికి చూడలేని ఆపరేషన్ దృశ్యం చూపించి, మొహంలో ఏమీ కనబడనీయొద్దని సగం మందికి చెప్పారు. వాళ్ళు మొహాలైతే బాగానే దాచారు. కానీ అరచేతుల్లో చెమట పెరిగింది, వేళ్ళలో రక్తనాళాలు బిగుసుకున్నాయి. అసహ్యం ఏమాత్రం తగ్గలేదు. తర్వాత గ్రాస్ ఇంకొకరితో కలిసి చేసిన ప్రయోగాల్లో మరో సంగతి తేలింది. మొహం దాచే పనిలో ఉన్నవాళ్ళకి ఆ సమయంలో విన్నవీ చూసినవీ సరిగా గుర్తుండలేదు.

మనకు బాగా పనికొచ్చే ముక్క ఇదే. అప్పు గురించి బ్యాంకులో మాట్లాడేటప్పుడూ, తండ్రి స్కానింగ్ రిపోర్టు డాక్టరు వివరిస్తున్నప్పుడూ మీరు కన్నీళ్ళు ఉగ్గబట్టుకుని తలాడిస్తుంటారు. బయటికొచ్చాక ‘ఏమన్నారు?’ అని అడిగితే ఏమీ చెప్పలేరు. అది మీ మతిమరుపు కాదు. అలాంటి చోటికి పక్కన ఇంకొకర్ని తీసుకెళ్ళండి, లేదా చెప్పేది కాగితం మీద రాసిమ్మని అడగండి.

ఇంకొకటి. 2003లో ఎమిలీ బట్లర్ బృందం ముక్కూమొహం తెలియని ఇద్దరేసి ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఓ బాధాకరమైన సినిమా గురించి మాట్లాడుకోమంది. వాళ్ళలో ఒకరికి భావాలు దాచమని చాటుగా చెప్పారు. రక్తపోటు దాచినవాళ్ళకే కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళకీ పెరిగింది. మూతి ముడుచుకుని ‘ఏమీ లేదు’ అనే మనిషి ఉన్న ఇంట్లో మిగతా అందరికీ ఊపిరి సలపకపోవడం మనకు కొత్త కాదు. అయితే అదే బట్లర్ 2007లో ఇంకోటి కూడా చూపించింది: ఆసియా విలువల మధ్య పెరిగినవాళ్ళలో ఇలాంటి చెడు ఫలితాలు తక్కువ. ఎదుటివాళ్ళ మర్యాద కోసం ఆపుకోవడానికీ, భయపడి ఆపుకోవడానికీ తేడా ఉంటుందని నాకనిపిస్తుంది. అత్తగారి ముందు ఒక మాట మింగినంత మాత్రాన ఆరోగ్యం పాడైపోతుందని కంగారు పడకండి. పదేళ్ళుగా ఒకే మాట మింగుతుంటే మాత్రం ఆలోచించాలి.

కాబట్టి ఆపినప్పుడల్లా గడువు పెట్టుకోండి. ‘ఇది ఇప్పుడు కాదు, రాత్రి అన్నాలయ్యాక’ అని మనసులో గట్టిగా అనుకోండి. ఆ టైమ్ వచ్చాక తప్పించుకోవద్దు.

అర్థం మార్చి చూడటం

ఆపుకోవడం కన్నా తేలికైనది, ఒంటికీ మంచిది, ఇంకోటుంది: కోపం ముదరకముందే ఆ సంగతిని మరో వైపు నుంచి చూడటం. మన దగ్గర దీనికి కావలసినంత అవకాశం ఇచ్చేది పిలుపుల వ్యవహారం. మేనమామ ఇంట్లో పెళ్ళి, గుమ్మంలోకి వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా కార్డు వాట్సాప్‌లో పడేశారు. ‘మమ్మల్ని లెక్క చేయలేదు’ అనుకుంటే రెండు తరాలు మాటలు ఉండవు. ‘ఆడపిల్ల పెళ్ళి, అన్ని ఊళ్ళు తిరిగే మనిషి ఆ ఇంట్లో లేడు’ అనుకుంటే వెళ్ళి వడ్డన దగ్గర ఓ చెయ్యి వేసి వస్తారు. ప్రయోగశాలల్లో కూడా ఇలా అర్థం మార్చుకున్నవాళ్ళకి బాధ నిజంగానే తగ్గింది. మొహం దాచినవాళ్ళలో కనిపించిన బిగుతు వీళ్ళ ఒంట్లో కనిపించలేదు.

కానీ అన్యాయానికి ఈ మందు వాడకండి. కౌలుకి చేసిన రైతు చేను మునిగితే, నష్టపరిహారం చాలాసార్లు భూమి యజమాని ఖాతాలో పడుతుంది. ఆ కౌలుదారుకి ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అని చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. ఆ కోపాన్ని చల్లార్చకూడదు. కౌలు కార్డు తీసుకుని రైతు సేవా కేంద్రానికో తహసీల్దారు ఆఫీసుకో నడిపించాలి.

కోపం బయట పెట్టేటప్పుడు

ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తినట్టు కోపాన్ని ఒక్కసారి వదిలేస్తే లోపలంతా ఖాళీ అవుతుందని చాలామంది నమ్మకం. నీళ్ళు వదిలితే తగ్గుతాయి, కోపం అలా తగ్గదు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే ఆయన, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని కొట్టమని కొందరికి చెప్పాడు. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్ళ కన్నా వాళ్ళకే కోపం ఎక్కువ మిగిలింది. 2024లో 154 అధ్యయనాల్ని కలిపి చూసినప్పుడూ తేలింది ఇదే: ఒంటిని నెమ్మదింపజేసేవి పనిచేస్తాయి, వేడెక్కించేవి పనిచేయవు. గిన్నెలు విసిరితే సొట్టలు పడటం తప్ప ఒరిగేదేమీ లేదు. పైగా గట్టిగా కోపం వచ్చిన తర్వాత రెండు గంటల్లో గుండెపోటు వచ్చే అవకాశం రెండింతలకు పైగా ఉంటుందని 1995లో మిటిల్‌మన్ బృందం లెక్కగట్టింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది చిన్న ప్రమాదమే. ఇప్పటికే స్టెంట్ వేయించుకున్న నాన్నగారికి చిన్నది కాదు.

అందుకని ముందు ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరుసార్లు అవుతుంది. ఐదు నిమిషాలు చాలు. పీల్చడం కన్నా వదలడం పొడుగ్గా ఉండాలన్నది ఒక్కటి గుర్తుంటే మిగతాది దానంతటదే వస్తుంది.

తర్వాత మాట. అందులో మూడు ముక్కలుండాలి: జరిగింది, నాకేమైంది, ఇకమీద ఏం కావాలి. ఉదాహరణకి:

"బావగారూ, మొన్న పెళ్ళిలో పదిమంది ముందు నా అప్పు సంగతి ఎత్తారండి. నాకు తల కొట్టేసినట్టయింది. ఇకమీదట డబ్బు విషయం ఏదైనా ఇంటికొచ్చి అడగండి, మీకు రావాల్సింది మీకిస్తాను."

ఇందులో తిట్టు లేదు, అలాగని బతిమాలడమూ లేదు. ‘మీరెప్పుడూ ఇంతే’ అన్న మాట వచ్చిందంటే ఇరవై ఏళ్ళ చరిత్ర బయటికొస్తుంది, అప్పు సంగతి పక్కకి పోతుంది. ఈ వాక్యాలు ఇంట్లో ఒకసారి పైకి అనుకుని వెళ్ళండి. వెటకారం మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్ళాలి. అది మన వైపు ఆస్తే, కాదనను. నవ్వించడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. కానీ బాధ చెప్పాల్సిన చోట వెటకారం వాడితే ఎదుటివాడికి గాయం తగులుతుంది, మీకేం కావాలో మాత్రం తెలియదు.

ఎవరికి చెప్పాలి

చెప్పింది సాయంత్రానికి రేవు దాటి అవతలి ఊరు వెళ్ళని మనిషిని వెతకండి. ఒక్కరు చాలు. ముందే ఒక మాట అనండి: "సలహా ఏమీ వద్దురా, కాసేపు విను చాలు." లేకపోతే మనవాళ్ళు రెండో నిమిషంలో పరిష్కారం చెప్పేస్తారు, ఐదో నిమిషంలో వాళ్ళ బావమరిది కథ మొదలెడతారు.

మగవాళ్ళకి ఎదురెదురుగా కూర్చుని చెప్పడం కష్టం. చెరువు గట్టు మీద పక్కపక్కన నడుస్తూనో, బండి మీద వెనకాల కూర్చునో, రేవు దాటించే పంటు కోసం ఎదురుచూస్తూనో చెప్పడం సులువు. కళ్ళలోకి చూడక్కర్లేదు కదా. మందు కొడితేనే నోరు పెగులుతుందనేవాళ్ళు రాత్రి చెప్పింది పొద్దున్న మర్చిపోతారు, విన్నవాడు మర్చిపోడు.

మనిషి దొరక్కపోతే నోటు పుస్తకం. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కొందరు కాలేజీ విద్యార్థులకి, తమను బాగా కలచివేసిన సంగతి గురించి రోజుకు పావుగంట చొప్పున వరుసగా నాలుగు రోజులు రాయమన్నారు. జరిగిందీ, దాని గురించి తమకు అనిపించిందీ రెండూ రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువ సార్లు వెళ్ళారు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఆ లాభం చిన్నదే, అందరికీ ఒకేలా లేదు. అయినా ఖర్చు లేనిది, ప్రయత్నించొచ్చు. అక్షరాలు బాగుండక్కర్లేదు, తప్పులు దిద్దక్కర్లేదు. రాశాక చించేయండి, దాచుకుంటే ఎవరో చదువుతారన్న భయంతో నిజం రాయలేరు. రాయగానే కాసేపు మనసు ఇంకా బరువెక్కుతుంది, అది మామూలే. ఘోరం జరిగిన ఆ వారంలోనే మాత్రం మొదలెట్టకండి. రాయడం రానివాళ్ళు ఫోన్‌లో రికార్డు చేసి, చెరిపేసినా సరే.

గల్ఫ్ ఫోన్లు

ఇది విడిగా చెప్పాలి. కోనసీమలోనూ, నరసాపురం పాలకొల్లు చుట్టుపక్కలా ఖద్దామా వీసా మీద కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్ళిన తల్లులు ఎంతోమంది. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటారు. వారానికో వీడియో కాల్. అటు తల్లి ‘బాగున్నాను, తిన్నాను’ అంటుంది. ఇటు పిల్లవాడు ‘బాగున్నాను, చదువుతున్నాను’ అంటాడు. అమ్మమ్మ తనకి షుగర్ పెరిగిందని చెప్పదు, తల్లి తనకి రెండు నెలలుగా జీతం ఇవ్వలేదని చెప్పదు. ఎవరి బాధ వాళ్ళు దాచడం ప్రేమతోనే. కానీ కొన్నేళ్ళకి ఆ పిల్లవాడికి తల్లితో మాట్లాడటానికి ఏమీ ఉండదు.

ప్రతి కాల్‌లోనూ ఒక్కొక్కరు ఒక్క నిజం సంగతి చెప్పాలని ముందే ఒప్పందం చేసుకోండి. పెద్దదేం కాదు. ‘ఇవాళ స్కూల్లో అందరి అమ్మలూ వచ్చారు, నాకు ఏడుపొచ్చింది.’ ‘ఇక్కడ ఇవాళ చేపల పులుసు వండాను, మీరే గుర్తొచ్చారు.’ పిల్లవాడు ఏడిస్తే ఫోన్ అమ్మమ్మ లాక్కోకూడదు. తల్లి కూడా ‘ఏడవకు నాన్నా, బొమ్మ పంపిస్తా’ అని మాట మార్చకుండా, "నాకూ అలాగే ఉందమ్మా" అని ఒక నిమిషం ఆగాలి. పని ఇంట్లో వేధింపులుంటే పిల్లల ముందు చెప్పక్కర్లేదు, పెద్దవాళ్ళతో వేరే కాల్‌లో చెప్పాలి. అక్కడి మన రాయబార కార్యాలయం నంబరు రెండు చోట్లా రాసి ఉండాలి.

చావు ఇంటికి వెళ్ళినప్పుడు

ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడవడాన్ని ఇప్పటి పిల్లలు కాస్త వింతగా చూస్తున్నారు. నాకైతే అది మంచి ఏర్పాటే అనిపిస్తుంది. పోయినవాళ్ళ పేరు, వాళ్ళు చేసిన పనులు, తీరని కోరికలు అన్నీ అందులో వస్తాయి, పక్కన పట్టుకునేవాళ్ళు ఉంటారు. ఇబ్బంది మగవాళ్ళకే. షామియానా దగ్గర కుర్చీలు లెక్కచూస్తూ పెద్దకర్మ దాకా నెట్టుకొస్తారు. ఆ భోజనాలు అయిపోగానే చుట్టాలు వెళ్ళిపోతారు. అసలు దుఃఖం అప్పుడు మొదలవుతుంది.

మీరు పరామర్శకి వెళ్తే ‘ఊరుకో, గుండె రాయి చేసుకో, నువ్వే ఇలా అయితే పిల్లలేమవుతారు’ అనకండి. పోయిన మనిషి గురించి మీకు గుర్తున్న ఒక సంగతి చెప్పండి, లేదా మాట్లాడకుండా కూర్చోండి. నెల దాటాక ఒకసారి మళ్ళీ వెళ్ళండి, ఎందుకంటే అప్పటికి ఎవరూ రారు. పిల్లల్ని పక్కింట్లో కూర్చోబెట్టి ‘తాతయ్య ఊరెళ్ళాడు’ అని చెప్పకండి. చనిపోయాడనే చెప్పండి.

1996 నవంబరు 6 తుపానులో వేటకెళ్ళి తిరిగి రాని జాలర్ల ఇళ్ళలో, 2022 జూలై వరదలో ఇల్లూ వాకిలీ మునిగిన లంకల్లో, గాలీ వానా మొదలైతే కొందరికి గుండె దడ మళ్ళీ వస్తుంది. ‘ఎప్పటిదో కదా, ఇంకా ఏమిటి’ అని వాళ్ళని వెక్కిరించకండి.

ఇంట్లో చేసేది చాలనప్పుడు

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి తప్పినా, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోయినా, తాగుడు పెరిగినా, ‘నేను లేకపోతే మీకే సుఖం’ లాంటి మాటలు వస్తున్నా మానసిక వైద్యుడిని కలవాలి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఊళ్ళో ఎవరైనా చూస్తారని మొహమాటంగా ఉంటే 14416కి ఫోన్ చేయొచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో ఎవరి మీదైనా అనుమానం ఉంటే సూటిగా అడగండి: "చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. చేలకీ చెరువులకీ తెచ్చిన పురుగుమందులు ఆ పూటే ఇంట్లోంచి తీసి వేరేచోట తాళం వేయండి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండాలి. పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేసేవాళ్ళున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

14416కి చేశాక ఏం మాట్లాడాలో తెలియక చాలామంది పెట్టేస్తుంటారు. కథంతా వరసలో చెప్పక్కర్లేదు. "నిద్ర పట్టట్లేదండి, ఎవరితోనూ చెప్పుకోలేకపోతున్నాను" అన్నా సరిపోతుంది, మిగతావి వాళ్ళే ఒక్కొక్కటీ అడుగుతారు. అప్పుడు అలవాటు కొద్దీ ‘అబ్బే, బాగానే ఉన్నామండి’ అనకుండా చూసుకోండి.